తొంభై ఎనిమిది అడుగుల గది

నాకు కోపం ఎక్కువ. తర్వాత ఎవరూ అనకుండా ముందే చెప్పేస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేశాను. ఆ ఉద్యోగంలో మెత్తగా ఉంటే నెత్తికెక్కి కూర్చుంటారు. రిటైరై ఆరేళ్ళయినా నా గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. మా వీధిలో నన్ను ఎదురుగా కండక్టరమ్మగారూ అంటారు, వెనక 'రైట్ రైట్' అంటారు. నాకు తెలుసు.

నా పక్కింటావిడకు మాత్రం దేవుడు నోరు ఇవ్వడం మరిచిపోయాడు. ఆవిడ వాటా కూడా నాకే ఇచ్చినట్టున్నాడు. ముప్పయ్యేళ్ళ క్రితం మేం ఈ ఇంట్లో దిగిన రోజు గోడ మీదుగా తొంగిచూసి, "వదినా, కాస్త సుత్తి ఉంటే ఇస్తారా" అన్నాను. వావీ కాదు, వరసా కాదు, నోటికొచ్చిన మాట. అప్పట్నుంచీ ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకు వదిన. వీధి మొత్తానికి మాత్రం ఆవిడ టేపు వదిన. పిల్లలకూ టేపు వదినే, వాళ్ళ తాతలకూ టేపు వదినే, ఆఖరికి పోస్టుమాన్‌కూ టేపు వదినే.

ఆవిడ దర్జీ. పంతొమ్మిదో ఏట కుట్టు నేర్చుకున్నప్పుడు కొన్న పసుప్పచ్చ గుడ్డ టేపు ఒకటుంది. దాని అంకెలు సగం చెరిగిపోతే పెన్నుతో దిద్దుకుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప అది మెడలోంచి దిగడం నేను చూడలేదు. చేతి నైపుణ్యం సంగతి చెప్పక్కర్లేదు. ఆవిడ కుట్టిన బట్ట ఒంటికి పడితే పడినట్టే, మళ్ళీ సవరింపు అన్న మాట లేదు. కానీ కొలతల దగ్గర మొహమాటం కూడా లేదు. డాక్టరుగారి భార్యకు నలుగురి ముందూ, "నడుం రెండంగుళాలు పెరిగిందండీ" అని చెప్పింది. ఆవిడ మళ్ళీ రాలేదు.

"అంత గట్టిగా చెప్పాలా వదినా, కాస్త తగ్గించి చెప్పొచ్చుగా" అన్నాను.

"మెల్లగానే చెప్పాను వదినా. తగ్గించి చెబితే జాకెట్టు పట్టదుగా" అంది.

అదీ మనిషి. ఆవిడ మీద నాకు ఎంత ప్రేమో అంత చిరాకు.

వాళ్ళ ఇంటికి వెనక, ఏటి వైపున, ఒక గది ఉంది. కుట్టుపనికి వెలుతురు బాగుంటుందని వదిన భర్త పన్నెండేళ్ళ క్రితం కట్టించాడు. గది కట్టిన మూడేళ్ళకే ఆయన పోయాడు. ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఇద్దరిలో ఎవరికీ ఆ పేరు రాలేదు. పెద్దావిడ మాట సూదిమొన. కోడలు కాపురానికొచ్చిన రోజు నుంచీ గుచ్చుతూనే ఉంది. కొడుకు పోయాక కొన్నాళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వేరువేరుగా వండుకున్నారంటే మీరే అర్థం చేసుకోండి.

మూడేళ్ళ క్రితం పెద్దావిడ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనభై ఆరేళ్ళ ఎముక, మళ్ళీ అతకలేదు. అప్పట్నుంచీ మంచమే లోకం. అన్నం పెట్టడం, తుడవడం, పక్క మార్చడం, ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పడం, అంతా వదినే. తిప్పుతుంటే పెద్దావిడ తిట్టేది. తిట్టించుకుంటూనే తిప్పేది.

మంచాన్ని కుట్టు గదిలోకి మార్చింది, పనిచేసుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చని. అయితే కిటికీ ఎత్తుగా ఉంది. పడుకున్న మనిషికి ఆకాశం ముక్క తప్ప ఇంకేమీ కనపడదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి వదిన ఆ మంచం మీద తాను పడుకుని ఉంది. కంటి దగ్గర్నుంచి కిటికీ అంచు దాకా టేపు పట్టి చూస్తోంది. మర్నాడు తాపీమేస్త్రీ వచ్చి, ఆవిడ చెప్పినట్టు కిటికీని పదిహేడంగుళాలు కిందికి దించాడు. ఆ సాయంత్రం నుంచీ పెద్దావిడకు ఏరు కనపడింది.

అది ఆవిడకు ఉత్త ఏరు కాదు. వంతెన రాకముందు ఆవిడ భర్త ఆ ఏటి మీద పడవ నడిపేవాడు. పొద్దుటి నుంచి పొద్దుపోయే దాకా జనాన్ని ఇటూ అటూ దాటించేవాడు. ఈవిడ పెళ్ళై వచ్చింది ఆ పడవలోనే, పిల్లాడికి పాలిచ్చింది ఆ ఒడ్డునే. అందుకని ఇప్పుడు కిటికీలోంచి ఏటిని చూస్తూ ఇంటి యజమానురాలు పనిమనిషిని చూసినట్టు తప్పులు పడుతుంది.

"ఆ పడవవాడికి చుక్కాని పట్టుకోవడం ఎవడు నేర్పాడో."

"ఊఁ" అంటుంది వదిన, మిషను తొక్కుతూ.

"నీళ్ళ రంగు మారింది. పైన ఎక్కడో వాన పడింది."

"ఊఁ."

పొద్దుగూకే దాకా వాళ్ళ కబుర్లు అంతే. కానీ ఆ మూడేళ్ళలో ఆ గదిలోంచి తిట్లు తగ్గడం నేను గోడ ఇవతల నుంచే గమనించాను.

ఇంతలో వచ్చిపడింది కొత్త రూలు.

కిందటేడాది వరదకి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. ఒడ్డునున్న ఇళ్ళవాళ్ళు ఏటిని మింగేస్తున్నారని పేపర్లు రాశాయి. అబద్ధమనను. వీధి చివరాయన లారీలకు లారీలు మట్టి పోయించి తన తోటను ఏట్లోకి జరుపుకున్నాడు. తిన్నవాడు ఒకడు, కక్కాల్సింది అందరూ. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పద్నాలుగు ఇళ్ళకూ కాగితాలొచ్చాయి. ఏటి ఒడ్డు వెంబడి రెవెన్యూ ఆఫీసువాళ్ళు తెల్ల రాళ్ళు పాతారు. ఆ రాయి నుంచి వంద అడుగుల లోపల, గడిచిన ఇరవై ఏళ్ళలో కట్టినది గోడైనా, గదైనా, మెట్లైనా తీసేయాలి. ఎవరి దూరం వాళ్ళే కొలుచుకుని ఫారం నింపి సంతకం పెట్టాలి.

ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారి వరండాలో మీటింగ్. ఆయన స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, మా వీధి సంఘానికి అధ్యక్షులు. ఒకటే గోల. రేపు ఇల్లు అమ్ముకుందామంటే ఎవడు కొంటాడని ఒకరు, పెరట్లో బట్టలుతికే రాయి కట్టడం కిందికి వస్తుందా అని ఒకరు, ఏటి ఒడ్డున ఉంటున్నందుకు ఇన్నాళ్ళూ పన్ను ఎక్కువ కట్టించుకుని ఇప్పుడు ఒడ్డే నీది కాదంటారేమని ఇంకొకరు.

"ఒక్కొక్కరు మాట్లాడండి. వెనకవాళ్ళు ముందుకు తోసుకోవద్దు" అని నేను అరిచాక గాని సద్దుమణగలేదు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "పద్నాలుగు ఇళ్ళు పద్నాలుగు టేపులతో కొలిస్తే పద్నాలుగు లెక్కలొస్తాయి. ఒకే చెయ్యి, ఒకే టేపు ఉండాలి" అన్నారు. అందరూ ఒక్కసారే వదిన వైపు తిరిగారు. ఆవిడ మెడలో టేపు సర్దుకుని తల ఊపింది. అందులోని తిరకాసు లెక్కలు చెప్పిన ఆయనకే తట్టలేదు, నాకు మాత్రం ఏం తడుతుంది, నేనూ బాగుందన్నాను.

రెండు రోజులు కొలిచాం. ఐదడుగుల టేపు, వంద అడుగులంటే ఇరవైసార్లు పరవాలి. రాయి దగ్గర మొదలుపెట్టి ఒక చివర నేను పట్టుకుంటే, వదిన బురదలో మోకాళ్ళ మీద వంగి సుద్దతో గుర్తు పెట్టుకుంటూ, టేపు ముందుకు జరుపుకుంటూ వెళ్ళేది. ఒక్క గడ్డిపరక అడ్డొచ్చినా తీసి పక్కన పెట్టి మళ్ళీ కొలిచేది. కొత్తగా వేయించుకున్న నా వెనక వసారాకు నూట మూడు వచ్చింది, బతికిపోయాను. మాస్టారి వెనక గోడకు తొంభై తొమ్మిది. మా వరస మొదట్లో గడియారాలు బాగుచేసే తాతగారి రేకుల పాకకు తొంభై ఎనిమిదిన్నర. వదిన తన ఇంటిని ఆఖర్న కొలిచింది.

లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుని, "తొంభై ఎనిమిది" అంది.

"మళ్ళీ కొలువు."

కొలిచింది. మూడుసార్లు కొలిచింది. ఏరు జరగలేదు, గోడ జరగలేదు. పెద్దావిడ కిటికీలోంచి మమ్మల్నే చూస్తోంది.

ఆ సాయంత్రం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. "వంద అని రాయి" అన్నాను.

"తొంభై ఎనిమిది వచ్చిందిగా."

"మాస్టారు నూటొకటి రాశారు. నా కళ్ళారా చూశాను. ఆయనకి తొంభై తొమ్మిది వచ్చినప్పుడు టేపు పట్టుకున్నది నేనే."

"అది ఆయన ఫారం."

"రెండంటే రెండడుగులు. ఎవడొచ్చి చూస్తాడు?"

"నేను చూశాను కదా వదినా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూశావులే. నీ నిజాయితీని నెత్తిన పెట్టుకుని ఊరేగు. ఆ ముసలావిణ్ణి ఎక్కడ పడుకోబెడతావు? నీ నిజం మీదా?" అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా మెల్లగా, "రేపు వాళ్ళొచ్చి కొలిస్తే గదీ పోతుంది, నా మాటా పోతుంది. ఇప్పుడైతే గది ఒక్కటే" అంది. తొంభై ఎనిమిది అని రాసి సంతకం పెట్టింది. నేను విసవిసా వచ్చేశాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గడియారాల తాతగారు ఫారం ఇచ్చిన వారంలోనే తన పాక తానే విప్పించేసుకున్నారు. వదినకు నెల తిరక్కుండానే నోటీసు వచ్చింది. అరవై రోజుల్లో గది తీసేయాలి, ఏమైనా చెప్పుకునేది ఉంటే ఈలోగా చెప్పుకోవాలి.

"చెప్పుకోవడానికేముంది, నా చేత్తోనే రాశానుగా" అంది వదిన. అత్తగారికి అలవాటు చేయాలని మంచాన్ని వీధి వైపు గదిలోకి మార్పించింది. నేనూ ఒక కోడు పట్టాను. పెద్దావిడ కేకలు వేస్తుందని చెవులు మూసుకునేందుకు సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. గోడ వైపు ముఖం తిప్పుకుంది. అదే నన్ను భయపెట్టింది. రెండు రోజులు చెంచాతో పోసిన నీళ్ళు తప్ప ఏమీ లోపలికి దిగలేదు. మూడో రోజు వదిన ముద్ద కలిపి పట్టుకెళ్తే, పెద్దావిడ, ఆ నోట ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అంది.

"నన్నిక్కడ ఉంచితే ఎక్కువ రోజులుండనే. బెదిరిస్తున్నానని అనుకోకు. నాకే తెలుస్తోంది."

ఉన్నన్నాళ్ళయినా ఉండనీ అని ఆ పూటే మళ్ళీ మంచం ఏటి గదిలోకి మార్చాం. పెద్దావిడ కిటికీలోంచి చూసి, "ఇసక మేట ఇటు జరిగింది" అంది, నాలుగు ముద్దలు తింది. వదిన వెళ్ళి మిషను ముందు కూర్చుంది. అరగంట తొక్కింది. నేను దగ్గరికి వెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు. గుడ్డ మీద ఉత్త చిల్లులు. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ ఏడుపుకీ నోరు లేదు.

ఆ పరిస్థితిలో నా జాకెట్టు కుట్టమని ఎలా అడగను? మా తమ్ముడి కూతురి పెళ్ళికి కొత్త గుడ్డ కొనుక్కున్నాను. వదిన కొలతల పుస్తకంలోంచి నా కొలతలు ఒక చీటీ మీద రాసుకుని బజారులో ఉన్న దర్జీకి ఇచ్చాను. వారం తర్వాత వెళ్ళి తొడుక్కుంటే చేతులు దూరాయి గాని గుండీలు కలవలేదు. ఊపిరి పీలిస్తే ఒట్టు.

ఊరుకుంటానా? కొట్టు ముందు నిలబడి దులిపేశాను. ఆ దర్జీ నా చీటీ నాకే చూపించాడు.

"ముప్పై ఎనిమిది అని మీరే రాశారు కదమ్మా. ముప్పై ఎనిమిదే కుట్టాను. మనిషి ముప్పై తొమ్మిది ఉంటే నేనేం చేసేది?" అని, తన టేపు తీసి అందరి ముందూ నన్ను కొలిచి చూపించాడు. ముప్పై తొమ్మిది. వెనక ఇద్దరమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

తిన్నగా వదిన దగ్గరికి వచ్చి ఆ జాకెట్టు బల్ల మీద పడేశాను. "నిజం చెప్పు. నేను లావెక్కానా?"

వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది. టేపు తీసి చుట్టింది. "ముప్పై ఎనిమిదే" అంది. తర్వాత ఆ జాకెట్టును కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఇది ముప్పై ఏడు వస్తోంది వదినా."

"వాడు ముప్పై ఎనిమిది కుట్టానని ఒట్టేస్తున్నాడు. వాడి టేపులో నేను ముప్పై తొమ్మిదట. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు."

వదిన తన మెడలోంచి టేపు తీసి, రెండు చేతుల మధ్యా పట్టుకుని, ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు చూసింది. నాకు అప్పుడు వెలిగింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి మళ్ళీ బజారుకు వెళ్ళి ఆ దర్జీ మెడలోని టేపు లాక్కుని వచ్చేశాను. "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు పాపం. తిరిగి ఇచ్చాన్లెండి.

కత్తిరింపు బల్ల మీద రెండు టేపులూ పక్కపక్కన పరిచాం. మొదళ్ళు కలిపాం. చివర దగ్గర వదిన టేపు బజారు టేపును దాటి అంగుళమున్నర ముందుకు వెళ్ళింది. రెండింటి మీదా అరవయ్యే రాసి ఉంది. నలభై ఏళ్ళ పాటు లాగీ లాగీ వదిన టేపు సాగిపోయింది.

వదిన నేల మీద కూలబడింది. "నలభై ఏళ్ళు అందరికీ తప్పు కుట్టానా వదినా?"

అప్పుడు కూడా ఆవిడకు గది గుర్తు రాలేదు చూడండి. "ఒక్కరైనా బిగుతయిందని వెనక్కి తెచ్చారా?" అన్నాను. "మనిషిని కొలిచిందీ దీంతోనే, గుడ్డ కోసిందీ దీంతోనే. అక్కడ ఎంత సాగిందో ఇక్కడా అంతే సాగింది. నీ బట్టలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నువ్వు కొలిచి, కత్తిరించకుండా వదిలేసింది ఒక్క ఏటి ఒడ్డునే."

ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో ఊగుతూ నోటి లెక్కలు చేసినదాన్ని. తొంభై ఎనిమిదడుగులంటే పంతొమ్మిదిన్నర టేపులు. టేపుకి అంగుళమున్నర చొప్పున ఇరవై తొమ్మిదంగుళాలు, అంటే రెండడుగుల ఐదు. అక్కడితో గది వంద దాటి ఐదంగుళాలు బయట ఉంది. మాస్టారి గోడ నూటొకటిన్నర. ఆహా, ఏం న్యాయం. అబద్ధం రాసినాయన నిజం రాసినట్టయింది, నిజం రాసినావిడ అబద్ధం రాసినట్టయింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గాని, మరీ ఇంత తిక్కగా తెలుస్తుందనుకోలేదు.

నేను వీధంతా చాటింపు వేద్దామని గుమ్మం దాటబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. "తాతగారి పాక" అంది.

తొంభై ఎనిమిదిన్నర. అదీ వంద దాటినట్టే. ఆవిడ మాట నమ్మి ఆయన పీకేసుకున్నారు. ముందు అక్కడికే వెళ్ళాం. తాతగారు కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో గోడగడియారం విప్పుతున్నారు. వదిన చేతులు కట్టుకుని నిలబడి, "తాతగారూ, నా టేపు తప్పండి. మీ పాక పీకాల్సింది కాదండి" అంది.

ఆయన భూతద్దం తీసి సంగతంతా విన్నారు. "రోజుకి రెండు నిమిషాలు తప్పని గడియారం ఈ చేతుల్లోకి ఇంతవరకూ రాలేదమ్మా" అన్నారు. "నీది నలభై ఏళ్ళకి అంగుళమున్నరేగా, దాని ముందు నా సరుకు సిగ్గుపడాలి. ఆ పాక సంగతంటావా, దాని రేకులు ఎప్పుడో నా నెత్తిన పడాల్సినవి. ఇప్పుడు హాయిగా గాలొస్తోంది. పో, పోయి ముందు మీ అత్తగారి సంగతి చూసుకో."

వదిన ఆఫీసుకు అర్జీ రాసింది. 'నా టేపు సాగింది. తప్పు నాది. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళూ దయచేసి మళ్ళీ కొలవండి' అని. పద్నాలుగూ అనేసరికి మాస్టారికి చెమటలు పట్టాయి. "నీ ఒక్క గదీ కొలిపించుకుంటే సరిపోదా అమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటూ వచ్చారు.

"భయపడకండి మాస్టారూ, మీ అబద్ధం పాసైంది" అన్నాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడ్డానికి పది రోజులు పట్టింది.

గడువు ఇంకా ఐదు రోజులుందనగా సర్వేయరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. స్టీలు టేపు చుట్ట, వెంట ఒక అసిస్టెంటు. వీధి వీధంతా మా పెరళ్ళలోనే ఉంది. ముందు వదిన గదే. అసిస్టెంటు రాయి దగ్గర కూర్చున్నాడు, సర్వేయరు టేపు లాక్కుంటూ గోడ దాకా వచ్చాడు. మధ్యలో గుంట ఉంది, టేపు కాస్త కిందికి వేలాడింది. నేను మా పెరటి గట్టు మీద నిలబడి లోలోపల సంతోషిస్తున్నాను. వేలాడితే అంకె పెరుగుతుంది కదా, రెండంగుళాలు కలిసొస్తే మంచిదేగా.

"బిగించి లాగండి బాబూ, వదులుంటే ఎక్కువ చూపిస్తుంది" అంది వదిన.

తల బాదుకోవాలనిపించింది. ఏం మనిషండీ. లోపల మంచం మీద ప్రాణం ఊగుతోంది, ఈవిడ బయట నిలబడి గవర్నమెంటుకు సాయం చేస్తోంది. సర్వేయరు కూడా ఆవిడ ముఖం వింతగా చూసి, టేపు బిగించి లాగాడు. వంగి అంకె చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు.

"వంద అడుగుల మూడంగుళాలు" అన్నాడు. "గది ఉండొచ్చమ్మా."

వీధివాళ్ళు ఏదేదో అన్నారు. నాకు వినపడలేదు. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. కోపిష్ఠివాళ్ళకు ఏడుపు కూడా తొందరగానే వస్తుంది. వదిన మాత్రం గోడను అరచేత్తో ఒక్కసారి తాకి, సర్వేయరు వెనకే గదిలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

సర్వేయరు మిషను బల్ల మీదే ఫారం పెట్టుకుని గది వివరాలు రాసుకున్నాడు. గది దేనికి వాడతారు, ఎన్ని కిటికీలు, ఎందరు ఉంటారు. తర్వాత మంచం వైపు తిరిగాడు.

"మామ్మగారూ, గది మీకే ఉంది. ఎక్కడికీ కదలక్కర్లేదు."

"విన్నాను. చెవులు బాగానే ఉన్నాయి" అంది పెద్దావిడ.

"ఈ గదిలో మీరూ, ఈవిడా ఉంటారన్నమాట. ఈవిడ మీకేమవుతారు?"

పెద్దావిడ వదిన వైపు చూడలేదు. కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ, "కూతురు" అంది.

సర్వేయరు రాసుకున్నాడు. ఆయనకేం తెలుసు. ఫారం వదిన ముందుకు జరిపి, "అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండమ్మా. తప్పుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత మార్చడం కుదరదు" అన్నాడు.

వదిన మొదటి గీత నుంచీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఇంటి నంబరులో ఒక అంకె తప్పు పడితే దిద్దించింది. కిటికీలు రెండని రాస్తే, "మూడండీ" అని కొట్టేయించి మూడు వేయించింది. గది పొడవులో అర అంగుళం ఎక్కువ పడిందని దాన్నీ మార్పించింది. వేలు కిందికి జరుగుతూ జరుగుతూ ఆ మాట దగ్గరికి వచ్చింది. ముప్పయ్యేళ్ళుగా ఎరిగిన మనిషి. ఇది కూడా దిద్దించేస్తుందని నిలబడి చూస్తున్నాను.

వేలు అక్కడే ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత వదిన పెన్ను తీసుకుని, కింద సంతకం పెట్టింది.